తెరమీది హింస - బిడ్డల మనస్సు



మొక్క వంగుట దాని స్వభావము. అది ఏ గాలికి, ఏ వైపునకు వంగుచున్నదో కనిపెట్టుట తోటవాని పని. ఇంటిలో బిడ్డలున్న ప్రతి పెద్దయు తోటవాడే. సినిమాలయందును, టెలివిజనునందును, చేతిఫోనులయందును కనబడు కొట్లాటలు, నరకుటలు, చంపుటలు బిడ్డల మనస్సునకు ఏమి చేయును? దానికి మనము చేయదగిన దేమి? ఈ రెండు ప్రశ్నలను నేడు విచారింతము.

ఈ విషయమున మన జహీరాబాదు ప్రాంతపు పల్లెలలో రెండు మాటలు వినబడుచుండును. "ఈ బొమ్మలే పిల్లలను చెడగొట్టినవి" అని యొకరందురు. "బొమ్మ బొమ్మయే గదా, చూచినంత మాత్రమున ఎవడు చెడును?" అని మరియొకరందురు. రెండింటియందును కొంత సత్యము కలదు. కాని ఏ యొక్క మాటయు పూర్తిగా సత్యము కాదు. ఆ సత్యమెంతయో తూచి చూడవలసి యున్నది.

మొదట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలెను. "మన పురాణములలో హింస లేదా? హిరణ్యకశిపుని పొట్ట చీల్చుట లేదా? కురుక్షేత్రమున పదునెనిమిది అక్షౌహిణులు కూలలేదా? మేమందరము చిందు భాగవతములు, ఒగ్గుకథలు చూచి పెరిగినవారమే గదా, మేమేమి చెడితిమి?" అని పెద్దలు కొందరు అడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి ప్రత్యుత్తరము మూడు మాటలలో కలదు. మొదటిది: భారతకథ యుద్ధముతో ముగియదు. యుద్ధము తరువాత స్త్రీపర్వము వచ్చును. గెలిచినవారి యింటను ఓడినవారి యింటను తల్లులు ఏడ్చుట వినిన తరువాతనే శ్రోత ఇంటికి పోవును. రెండవది: ఆ కథ ఏటికొకమారో రెండుమారులో వచ్చెడిది, ప్రతి దినము, ప్రతి గంట వచ్చెడిది కాదు. మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది: బిడ్డ దానిని ఒంటరిగా చూడలేదు. తాత ఒడిలో కూర్చుండి, అవ్వ కొంగు పట్టుకొని, ఊరివారి నడుమ చూచెను. భయపడినచో దగ్గరకు తీసికొనువారుండిరి. అర్థము కానిచో చెప్పువారుండిరి.

తెరమీది బొమ్మయు మన దేశపు పల్లెలకు మొదట అట్లే వచ్చినది. 1975వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీనుండి 1976 జూలై 31వ తేదీవరకు ఒక్క యేడాది కాలము, అమెరికా దేశపు ఉపగ్రహము సాయమున, భారతదేశమున 6 రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను చూపబడినది. ఆ రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశ మొకటి. ఆ భాషలలో తెలుగొకటి. దినమునకు 4 గంటల కార్యక్రమములు. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు. ఊరికంతకు ఒకటే పెట్టె. ఊరుమ్మడిగా కూర్చుండి చూచి, చూచినదానిని గూర్చి అక్కడనే మాటలాడుకొనెడివారు.

తరువాతి కథ మీరెరిగినదే. 1982లో రంగుల టెలివిజను వచ్చినది. 1990 తరువాత తీగలద్వారా పలు ఛానళ్లు ఇండ్లలోనికి వచ్చినవి. 2016 తరువాత ఇంటర్నెట్టు మిక్కిలి చౌక యయినది. 2020లో కరోనా వ్యాధి వలన బడులు మూతపడగా, తెలంగాణమున సెప్టెంబరు 1వ తేదీనుండి పాఠములు టెలివిజనుద్వారాను ఫోనులద్వారాను చెప్పబడినవి. పాఠము కొరకు బిడ్డచేతి కిచ్చిన ఫోను, బడి తెరచిన పిమ్మటను అనేక గృహములలో బిడ్డచేతనే నిలిచిపోయినది. ఊరి నడుమనుండి ఇంటిలోనికి, ఇంటిలోనుండి పడకమీదికి, పడకమీదినుండి అంగీజేబులోనికి బొమ్మ వచ్చినది. ఒక్కొక్క మెట్టు దిగినకొలది చూచు బిడ్డ ప్రక్క నుండెడి మనుష్యులు తగ్గుచు వచ్చిరి. ఈ మాటను జ్ఞాపకముంచుకొన వలెనని ప్రార్థన.

ఇక, హింసను చూచుటవలన కలుగు ఫలములను శాస్త్రజ్ఞులు ముఖ్యముగా మూడుగా చెప్పుచున్నారు. అవి అనుకరణము, మొద్దుబారుట, భయము.

అనుకరణమును గూర్చిన ప్రసిద్ధమైన పరీక్ష 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జరిగినది. ఆల్బర్టు బండూరా అను పండితుడును ఆయన తోడివారును 72 మంది చిన్నపిల్లలను మూడు జట్లుగా విభజించిరి. ఒక జట్టువారి యెదుట ఒక పెద్దమనిషి గాలినింపిన పెద్ద బొమ్మను సుత్తితో కొట్టి, కాలితో తన్ని, తిట్టుమాటలాడెను. రెండవ జట్టువారి యెదుట పెద్దమనిషి నెమ్మదిగా ఆటవస్తువులతో ఆడుకొనెను. మూడవ జట్టువారికి ఏమియు చూపలేదు. తరువాత పిల్లలను ఆ బొమ్మ యున్న గదిలో విడువగా, కొట్టుట చూచిన పిల్లలు మిగిలినవారికంటె ఎక్కువగా కొట్టిరి. పెద్దమనిషి కొట్టిన తీరుననే కొట్టిరి, ఆయన ఆడిన మాటలే ఆడిరి. 1963లో మనిషికి బదులు చలనచిత్రమును చూపగా, అప్పుడును అట్లే జరిగినది.

1965లో చేసిన పరీక్ష ఇంకను గమనింప దగినది. కొట్టిన మనిషికి శిక్ష పడుట కొందరికి చూపిరి. బహుమానము దొరకుట కొందరికి చూపిరి. శిక్షను చూచినవారు తక్కువగా అనుకరించిరి. కాని, "నీవు చూచినది చేసి చూపుము, బహుమతి యిత్తుము" అనగా ఆ పిల్లలును ఇతరులతో సమానముగా చేసి చూపిరి. అనగా, నేర్చుట అందరును నేర్చిరి; శిక్ష భయము కొందరి చేతిని మాత్రము ఆపినది. మన సినిమాలలో కత్తి పట్టి పదిమందిని నరికిన నాయకునకు శిక్ష లేదు. చప్పట్లు, పాటలు, పూలదండలు కలవు. ఆ బొమ్మ బిడ్డకు నేర్పు పాఠమేమో మీరే యోచింపుడు.

రెండవది మొద్దుబారుట. నాగలి పట్టినవాని అరచేయి మొదట పొక్కును. తరువాత కాయ కాయును. కాయ కాచిన చేతికి ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. మనస్సుకును అట్టి కాయ కాయును. 1974లో అమెరికాలో డ్రాబ్‌మన్, థామస్ అను నిద్దరు బడిపిల్లలతో ఒక పరీక్ష చేసిరి. కొందరికి హింస గల చిత్రమును చూపి, తరువాత వారికందరికిని "ఆ గదిలోని చిన్నపిల్లలను కనిపెట్టి యుండుడు, వారు పోట్లాడినచో మమ్ము పిలువుడు" అని చెప్పిరి. చిన్నపిల్లలు పోట్లాడుచున్నట్లు తోచినప్పుడు, హింసాచిత్రము చూచిన పిల్లలు పెద్దలను పిలుచుటకు ఎక్కువ ఆలస్యము చేసిరి. వారు ఎవరిని కొట్టలేదు. కాని కొట్టుట చూచి కదలలేదు. దెబ్బ తినువానిని చూచి అయ్యో అనని పిల్లవాడు పెరిగి ఎట్టి పొరుగువా డగునో యోచింప దగినదే గదా!

మూడవది భయము. ఇది పైకి కనబడదు; కాబట్టి పెద్దలు దీనిని తక్కువగా గుర్తింతురు. రాత్రి ఉలికిపడి లేచుట, మానిన పిల్లవాడు మరల పక్క తడుపుట, ఒంటరిగా పెరటిలోనికి పోనని మొండికేయుట - ఇవి ఆ భయమునకు గుర్తులు కావచ్చును. జార్జి గెర్బ్‌నర్ అను పండితుడు అనేక సంవత్సరములు టెలివిజను చూచువారిని పరిశీలించి, ఎక్కువగా చూచువారు లోకము ఉన్నదానికంటె క్రూరమైనదని తలంతురనియు, తోటివారిని నమ్మరనియు చెప్పెను.

ఈ భయము పిల్లలకే కాదు, పెద్దలకును పట్టును. అట్లు పట్టినప్పుడు ఏమి జరుగునో మన సరిహద్దుననే చూచితిమి. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోవు దొంగలు తిరుగుచున్నారని బొమ్మలు, మాటలు ఫోనులలో దేశమంతట వ్యాపించినవి. వానిలో మిక్కిలి తిరిగిన యొక బొమ్మ, పాకిస్తానులోని కరాచీ నగరమున బిడ్డల రక్షణను బోధించుటకు తీసిన చిన్న చిత్రము. అందులో బిడ్డను ఎత్తుకొనిపోయినవాడు మరల తెచ్చి అప్పగించును. ఆ చివరి భాగమును కత్తిరించి, ఎత్తుకొనిపోవుట మాత్రము చూపిరి. ఆ యేడు జూలై 13వ తేదీన, మన ప్రక్కనున్న బీదరు జిల్లాలోని ముర్కి గ్రామమున, కారులో వచ్చిన కొందరు స్నేహితులు పిల్లలకు చాక్లెట్లు ఇవ్వగా, వారిని పిల్లల దొంగలని భ్రమించి జనము విరుచుకొని పడెను. హైదరాబాదునుండి వచ్చిన ఒక యువ ఇంజినీరు మరణించెను, తక్కినవారు గాయపడిరి. పిల్లలకు మిఠాయి పెట్టుట మన దేశమున ఎప్పుడును ప్రేమకు గుర్తు. ఆ ప్రేమను దొంగతనముగా చూచునట్లు పెద్దల కన్నులనే మార్చిన బొమ్మ, ఆరేండ్ల బిడ్డ కన్నుల నేమి చేయునో చెప్పవలెనా? ఏడేండ్లలోపు బిడ్డకు కల్పన యేదో నిజమేదో వేరుచేసికొను శక్తి ఇంకను పక్వము కాలేదు.

ఇంతవరకు చెప్పినది విని, హింస చూచిన ప్రతి బిడ్డయు హంతకు డగునని అనుకొనరాదు. అట్లనుట సత్యము కాదు. కోట్లకొలది బిడ్డలు ఇట్టి బొమ్మలు చూచుచున్నారు. వారిలో మిక్కిలి కొలదిమంది మాత్రమే ఘోరములు చేయుదురు. 1977లో అమెరికాలోని షికాగో ప్రాంతమున 6 మొదలు 10 ఏండ్ల వయస్సుగల 557 మంది పిల్లలను పరిశీలించి, 15 ఏండ్ల తరువాత వారిలో 329 మందిని మరల కలిసికొని ప్రశ్నించిరి. చిన్ననాట హింసను ఎక్కువగా చూచినవారు పెద్దవారైన పిమ్మట కొంత ఎక్కువ కోపిష్టులుగాను, చేయిచేసికొనువారుగాను ఉండిరి. బొమ్మలోని నాయకుడు తానే యని భావించిన పిల్లలయందును, అది నిజమని నమ్మిన పిల్లలయందును ఈ ఫలము ఎక్కువగా కనబడినది. ఫోనులలో ఆడు తుపాకి ఆటలను గూర్చి అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుల సంఘము 2020లో, వానికిని అరచుట, తోయుట వంటి దుడుకుతనమునకును సంబంధము కలదు గాని, హత్యలవంటి నేరములకు ఆ ఆటలే కారణమనుటకు తగిన ఆధారములు లేవని ప్రకటించెను. ఇంటిలో తండ్రి తల్లిని కొట్టుట, త్రాగుడు, బడి మానుట - ఇవి బొమ్మకంటె బలమైన కారణములు. బొమ్మ నిప్పురవ్వ వంటిది. పచ్చిగడ్డిమీద పడిన రవ్వ ఆరిపోవును. ఎండుగడ్డిమీద పడినది అంటుకొనును.

అట్లయిన, గడ్డి పచ్చిగా ఉంచున దేది? దీనికి లోకమున రెండు ఊళ్ల కథలు చక్కని సమాధాన మిచ్చుచున్నవి.

కెనడా దేశమున కొండల నడుమనున్న ఒక చిన్న పట్టణమునకు 1973వరకు టెలివిజను అందలేదు. పండితులు దాని అసలు పేరు చెప్పక "నోటెల్" అని పిలిచిరి. టెలివిజను రాకముందు ఒకమారు, వచ్చిన రెండేండ్లకు మరియొకమారు బడి ఆటస్థలమున పిల్లలను గమనించిరి. రెండేండ్లలో పిల్లల కొట్లాటలును తిట్లును పెరిగినవి. అదే కాలమున, ముందునుండియే టెలివిజను ఉన్న ప్రక్క పట్టణములలో అట్టి పెరుగుదల కనబడలేదు.

రెండవ కథ సెయింటు హెలీనా ద్వీపమునది. నెపోలియను చక్రవర్తి 1821లో మరణించిన ద్వీపమే అది. కొన్నివేల జనము మాత్రమే గల ఆ సముద్రమధ్యపు ఊరికి 1995లో ఉపగ్రహముద్వారా టెలివిజను వచ్చెను. టోనీ చార్ల్‌టన్ అను ఆచార్యుడును ఆయన తోడివారును అక్కడి బడిపిల్లల ఆటలను ముందును తరువాతను చిత్రములు తీసి పోల్చి చూచిరి. పిల్లలు చెడుదురని అనేకులు భయపడిరి. కాని చెడుతనము పెరిగినట్లు కనబడలేదు. కారణమేమని విచారింపగా, ఆ ద్వీపమున ప్రతివారును ప్రతివారిని ఎరుగుదురు; ఏ బిడ్డ తప్పు చేసినను చూచిన పెద్ద యెవరైనను మందలించును; ఆ వార్త సాయంకాలమునకు తల్లికి చేరును. బిడ్డలమీద ఇల్లు, బడి, ఊరు మూడును కన్ను వేసి యుంచినవి.

రెండు ఊళ్లకును వచ్చినది టెలివిజనే. ఫలము మాత్రము ఒకటి కాలేదు. ఈ భేదమునకు కారణములు పలు కావచ్చును. కాని ద్వీపమును పరిశీలించినవారు అన్నింటికంటె ముందు చెప్పినది పెద్దల కావలియే. కాబట్టి నేను చెప్ప వచ్చిన ముఖ్యమైన మాట ఇది: తెరమీది హింస బిడ్డను ఎక్కువగా చెరచునది, బిడ్డ దానితో ఒంటరిగా విడువబడినప్పుడే. ప్రక్కన ఒక పెద్ద కూర్చున్నచో దాని బలము తగ్గును. మన పల్లెలకు ఈ ధనము ఇంకను మిగిలియున్నది. నగరమున పొరుగువాని బిడ్డను మందలింప వీలులేదు. మన ఊరిలో ఇంకను వీలున్నది.

ఇక ఆచరణకు వత్తము.

మొదట, సినిమాకు పోవునప్పుడు దాని గుర్తును చూడుడు. 1952 నాటి చట్టము ననుసరించి ప్రతి చిత్రమునకును ప్రభుత్వ సంఘము ఒక పత్రమిచ్చును. చిత్రమునకు ముందు అది తెరమీద కనబడును. "యు" అన్నచో అందరును చూడదగినది. "ఎ" అన్నచో 18 ఏండ్లు నిండనివారిని లోనికి రానీయరాదు, ఇది ఆజ్ఞ. ఈ నడుమ నున్నది "యు/ఎ". 2023లో చట్టమును సవరించి దీనిని 7, 13, 16 ఏండ్ల వయస్సులను బట్టి మూడుగా విభజించిరి. ఇది ఆజ్ఞ కాదు, పెద్దలకు హెచ్చరిక. "యు/ఎ 16" అని యున్నచో, పదేండ్ల బిడ్డను తీసికొనిపోవుట తగునా యని యోచించు భారము మనమీద నుంచబడినదని అర్థము. 2023లో వచ్చిన "సలార్" చిత్రమునకును, 2025లో వచ్చిన "హిట్" మూడవ చిత్రమునకును "ఎ" గుర్తే యిచ్చిరి. అయినను సినిమాశాల ద్వారమువద్ద ఆగిన చిత్రము, కొన్ని వారములకు ఫోనులోనికి వచ్చును. అక్కడ ద్వారపాలకుడు లేడు. 2021 నాటి నియమముల ప్రకారము అట్టి సంస్థలు 13 ఏండ్లు మొదలు పై తరగతి చిత్రములకు తాళము వేయు ఏర్పాటు ఉంచవలెను. ఆ తాళము వేయుట తెలియనిచో ఊరిలో చదువుకొన్న యువకుని అడిగి వేయించుకొనుడు. అందులో చిన్నతనము లేదు.

రెండవది, బిడ్డకు ఫోను ఇచ్చునప్పుడు స్థలమును, వేళను నిర్ణయింపుడు. నలుగురు తిరుగు వసారాలో చూడవలెను, పడకమీద చూడరాదు. అన్నము తినునప్పుడు వలదు. నిద్రకు ముందు గంటసేపు వలదు. ఏడ్చు పసిబిడ్డ నోరు మూయించుటకు ఫోను ఇచ్చు అలవాటు మొదలుపెట్టినచో దానిని మాన్పుట కష్టము.

మూడవది, ప్రక్కన కూర్చుండి అడుగుడు. ఉపన్యాసము వలదు, మూడు ప్రశ్నలు చాలును. "దెబ్బ తిన్నవానికి ఎంత నొప్పి కలిగియుండును? వాని తల్లి ఏమనుకొనును? కొట్టకుండ ఆ పని చక్కబెట్టుటకు వేరొక దారి యుండెనా?" భారతమున స్త్రీపర్వము చేసిన పనిని ఈ మూడు ప్రశ్నలును చేయును. "ఆ నెత్తురు రంగునీరు, ఆ మనిషి లేచి ఇంటికిపోయి అన్నము తిన్నాడు" అని చెప్పుట కూడ మరువకుడు.

నాలుగవది, ఫోనుకు వచ్చిన ప్రతి ఘోరమైన బొమ్మను బిడ్డల యెదుట చూడకుడు; నిజమో కాదో తెలియక ఇతరులకు పంపకుడు. ముర్కి గ్రామపు దుఃఖమును తలచుకొనుడు.

ఐదవది, కొట్టుట చెడ్డదని చెప్పుచు బిడ్డను కొట్టకుడు. ఫోను లాగికొని చెంప పగులగొట్టినచో, బలముగలవాడు కొట్టవచ్చునను పాఠమే బిడ్డ నేర్చును. దుడుకుతనము గాని భయము గాని వారములు గడచినను తగ్గనిచో ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు డాక్టరుకు చూపుడు. మనోవ్యాధులకు ప్రభుత్వము 2022లో ప్రారంభించిన ఫోను సాయము సంఖ్య 14416. ఆపదలోనున్న బిడ్డల కొరకు 1098.

తుదకు ఒక మాట. బిడ్డ చేతినుండి ఒక వస్తువును తీసినప్పుడు మరియొకటి పెట్టవలెను. లేనిచో ఏడ్పు మిగులును. ఆ మరియొకటి యేదో మన జహీరాబాదు ప్రాంతమే చూపినది. నే నింతకుముందు చెప్పిన 1975 నాటి టెలివిజను ప్రయోగమున పాల్గొన్న పి.వి. సతీష్ గారు, తరువాత మిత్రులతో కలిసి 1983లో స్థాపించిన దక్కను డెవలప్‌మెంటు సొసైటీ మన పస్తాపూరుననే పనిచేసినది. ఆ సంఘపు స్త్రీలు 2008 అక్టోబరు 15వ తేదీన మాచునూరు గ్రామమున "సంఘం రేడియో"ను ప్రారంభించిరి. కూలిపని చేసికొను దళిత స్త్రీలే మాటలు కూర్చిరి, పాటలు పాడిరి, యంత్రములు నడిపిరి. వారిలో ముఖ్యులైన ఇద్దరి పేరును నర్సమ్మయే. జొన్నలు, సామలు, కొర్రలు, పాత విత్తనములు, పండుగలు, ఇంటి వైద్యము - ఇవి వారి విషయములు. పెద్ద చదువులు లేని స్త్రీలు తమ ఊరి మాటను తామే ఆకాశమున పలికింపగా, చదువుకొన్న పెద్దలమగు మనము మన యింటి వసారాలో ఒక కథ చెప్పలేమా?

దినమునకు అరగంట చాలును. పొలము దున్నిన కథ, కరవు దాటిన కథ, పగవానితో రాజీపడిన కథ - ఇవి మీయొద్ద నున్నవి. ఏ తెరయందును దొరకవు. ప్రక్కన కూర్చున్న తాత మాట బిడ్డచెవిలో నున్నంతవరకు, తెరమీది కత్తికి పదును తక్కువగనే యుండును.